పాపకి రాసిచ్చిన టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ కాగితంలో క్యాన్సర్ అని ఉంది, పూయమంటారా?

తుంగభద్ర_అమ్మ, కర్నూలు

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇంట్లో దీని మీదే గొడవ నడుస్తోంది, ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

మా పాపకి ఐదేళ్లు. ఎగ్జిమా చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచే ఉంది. ముందు బుగ్గల మీద ఎర్రగా వచ్చేది, తర్వాత మోచేతి మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి దిగింది. చలికాలంలో పొడిబారి పగుళ్లు, ఎండాకాలంలో చెమట పట్టి దురద. ఈ మధ్య కళ్ల చుట్టూ, రెప్పల మీద కూడా మొదలైంది. రాత్రిళ్లు నిద్రలోనే గీరుకుంటుంది, పొద్దున చూస్తే దిండు మీద రక్తపు మరకలు. స్కిన్ డాక్టర్‌కి చూపిస్తే చేతులకి, కాళ్లకి మొమెటాసోన్ క్రీమ్ కొన్నాళ్లు పూయమని, ముఖానికి, కళ్ల పక్కన మాత్రం టాక్రోలిమస్ 0.03 శాతం ఆయింట్‌మెంట్ రెండు పూటలా పూయమని, తగ్గాక మళ్లీ రమ్మని రాసిచ్చారు. బయట చాలామంది కూర్చుని ఉన్నారు, ఎక్కువసేపు అడగడానికి కుదరలేదు.

ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే లోపల మడత పెట్టిన కాగితం. ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసుకుంటే తప్ప చదవలేనంత చిన్న అక్షరాలు. మొదట్లోనే చుట్టూ గీత గీసిన డబ్బాలో ఈ మందు వాడినవాళ్లలో అరుదుగా చర్మ క్యాన్సర్, లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో, అంటే మెడ దగ్గర బిళ్లల్లాంటివాటిలో వచ్చే క్యాన్సర్) వచ్చాయని, రెండేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని, ఎక్కువ కాలం ఆపకుండా వాడొద్దని ఉంది. అది చదివి మా ఆయన ఒకటే మాట, "క్యాన్సర్ అని వాళ్లే అచ్చేసి ఇస్తుంటే నా బిడ్డ మొహానికి ఎట్ల పూస్తావ్" అని. మా అత్తేమో ఇదంతా ఎందుకు, మన వీధి మెడికల్ షాపులో ఇచ్చే తెల్ల క్రీమ్ ఉంది కదా, పోయినసారి దాన్ని పూస్తే రెండు రోజుల్లో చేతులు నున్నగా అయినాయి, దాని మీద ఏ క్యాన్సర్ రాతా లేదు, అదే తెప్పించు అంటోంది. ఆ క్రీమ్ పెట్టె మీద చూస్తే మూడు మందుల పేర్లు ఉన్నాయి, అందులో ఒకటి క్లోబెటాసోల్.

ఇంకొక సంగతి. చీటీలో 0.03 అని ఉంది కానీ షాపులో అది లేదట, 0.1 ఇచ్చారు. "మందు అదేనమ్మా, ఇది ఇంకా తొందరగా పనిచేస్తుంది" అన్నారు. ఇంకా మూత తీయలేదు. ఇప్పుడు ఎండలు చూస్తున్నారు కదా మన దగ్గర ఎట్లున్నాయో, కాగితంలో ఎండ గురించి కూడా ఏదో రాశారు. పాప బడికి ఆటోలో వెళ్తుంది, మధ్యాహ్నం తిరిగొస్తుంది.

ఈ హెచ్చరికని ఎట్లా అర్థం చేసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి.


మందులచీటీ, కడప

అమ్మా, మెడికల్ షాపు నడుపుతున్నవాణ్ణే చెప్తున్నాను. మిగతా ప్రశ్నలు తర్వాత, ముందు ఆ 0.1 ట్యూబు మూత తీయకుండా వెనక్కి ఇచ్చేయండి. టాక్రోలిమస్ రెండు బలాల్లో వస్తుంది. 0.03 శాతం రెండేళ్ల నుంచి పదిహేనేళ్ల పిల్లలకి, 0.1 శాతం పదహారేళ్లు దాటినవాళ్లకి. మీ డాక్టర్ సరిగ్గానే రాశారు. అంకె చూడ్డానికి చిన్న తేడాలాగే ఉంటుంది కానీ మందు మూడింతలకి పైనే. కంపెనీ పేరు వేరైతే ఫర్వాలేదు, లోపల మందు పేరూ, శాతమూ రెండూ చీటీతో కలవాలి. శాతం మార్చే అధికారం షాపువాళ్లకి లేదు, స్టాక్ లేకపోతే లేదని చెప్పి ఇంకో షాపుకి పంపాలి, లేదా డాక్టర్‌కి ఫోన్ చేసి అడగాలి. బిల్లు ఉంటే చూపించి గట్టిగా అడగండి, మొహమాటపడొద్దు. ఎవరు ఏ ట్యూబు ఇచ్చినా కౌంటర్ దగ్గరే చీటీ పక్కన పెట్టి అంకెలు సరిచూసుకునే అలవాటు చేసుకోండి.

ఇక మీ అత్తగారు చెప్పిన తెల్ల క్రీమ్. నాకు దీని మీద చాలా కోపం ఉంది కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను. అందులో ఉండేది గట్టి స్టెరాయిడ్, దానికి తోడు ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు. దురద ఏదైనా సరే, కారణం ఏదైనా సరే, మూడిట్లో ఏదో ఒకటి తగులుతుందని కలిపి కొట్టినట్టు ఉంటుంది. రెండు రోజుల్లో తగ్గినట్టు కనిపించేది స్టెరాయిడ్ వల్ల. క్లోబెటాసోల్ అంటే పూసే స్టెరాయిడ్లన్నిట్లోకీ బలమైన వర్గం. దాని లేబుల్ ప్రకారం పెద్దవాళ్లే వరసగా 2 వారాలకి మించి, వారానికి 50 గ్రాములకి మించి వాడకూడదు, పన్నెండేళ్ల లోపు పిల్లలకి అసలు సిఫారసే లేదు. ముఖానికి, చంకలకి, గజ్జలకి వద్దని కూడా ఉంటుంది. మీరు అదే కాగితాన్ని తీసి చదివితే చర్మం పల్చబడటం, చారలు పడటం, శరీరంలో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోవడం, పిల్లల్లో ఎదుగుదల మందగించడం వరకు అన్నీ కనిపిస్తాయి. క్యాన్సర్ అన్న ఒక్క మాట లేనందుకు జనం దాన్ని సబ్బులాగా కొనుక్కుపోతున్నారు, ఆ మాట ఉన్నందుకు నిజంగా పనికొచ్చే మందుని చెత్తబుట్టలో వేస్తున్నారు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఇంకోటి, చీటీ లేకుండా ఇది అమ్మడమే తప్పు. చర్మానికి పూసే స్టెరాయిడ్లకి ఇదివరకు షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలో, ఒక మినహాయింపు ఉండేది, ఆ సందులోంచే ఇవి ఎక్కడ పడితే అక్కడ దొరికేవి. చర్మ వైద్యుల సంఘం ఏళ్లపాటు గట్టిగా అడిగాక 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్లకి ఆ మినహాయింపు ఎత్తేసింది. క్లోబెటాసోల్, బీటామెథాసోన్ లాంటివి పూసేవైనా సరే ఇప్పుడు డాక్టర్ చీటీ మీదే అమ్మాలి. పెట్టె మీద ఎర్ర గీత ఉంటుంది, చూడండి. మా ఊళ్లోనూ చీటీ లేకుండా వచ్చి ఖాళీ ట్యూబు చూపించి "ఇదే ఇయ్యన్నా" అంటారు. లేదంటే పక్క షాపుకి పోతారు. వ్యాపారం పోయినా సరే, ఇయ్యకూడనిది ఇయ్యకూడదు.

క్యాన్సర్ రాత గురించి డాక్టర్లెవరైనా చెప్తే బాగుంటుంది.


చర్మవిభాగం_డ్యూటీ, అనంతపురం

చర్మవ్యాధుల విభాగంలో పనిచేస్తున్నాను. పాపని నేను చూడలేదు, కాబట్టి వైద్యం చెప్పను, ఆ హెచ్చరిక ఏమిటో మాత్రం చెప్తాను. కడప అన్న రాసింది సరైనదే, ముందు 0.1 మార్చుకోండి.

టాక్రోలిమస్ మొదట అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ల కోసం వచ్చిన మందు. కిడ్నీయో కాలేయమో కొత్తది పెట్టినప్పుడు శరీరం దాన్ని తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణచడానికి ఏళ్ల తరబడి నోటి ద్వారా ఇస్తారు. అలా మింగేవాళ్లలో లింఫోమా, చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందన్నది నిజం. ఎగ్జిమాకి పూసే ఆయింట్‌మెంట్‌గా దీనికి అమెరికాలో 2000 చివర్లో అనుమతి వచ్చింది, ఇదే కుటుంబానికి చెందిన పిమెక్రోలిమస్ క్రీమ్‌కి 2001లో. తర్వాత జంతువులకి భారీ మోతాదులు ఇచ్చిన ప్రయోగాల్లో కణితులు కనిపించాయి, వాడినవాళ్లలో కూడా అక్కడొకటి అక్కడొకటి క్యాన్సర్ కేసులు రిపోర్టు అయ్యాయి. వీటిని చూసి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005 మార్చిలో జాగ్రత్త చెప్పి, 2006 జనవరిలో ఆ డబ్బా హెచ్చరికని లేబుల్ మీదికి ఎక్కించింది. మీరు చదివిన రాతకి మూలం అదే. ఆ డబ్బాలోనే ఇంకో వాక్యం ఉంటుంది, ఈసారి ఫోటో తీసినప్పుడు వెతకండి: ఈ మందే ఆ క్యాన్సర్లకి కారణమని నిర్ధారణ కాలేదు అని. భయంలో ఆ వాక్యం కంటికి ఆనదు, అందరికీ అంతే.

మింగడానికీ పూయడానికీ మధ్య తేడా చాలా పెద్దది. ఈ మందు అణువు బరువైనది, బాగున్న చర్మంలోంచి లోపలికి దిగడం దానికి కష్టం. ఎగ్జిమా ఉన్నచోట చర్మం దెబ్బతిని ఉంటుంది కాబట్టి కాస్త దిగుతుంది, చర్మం మానేకొద్దీ అదీ తగ్గుతుంది. ముఖానికి పలచగా పూసిన పిల్లల రక్తంలో పరీక్ష చేస్తే దొరికేది అతి తక్కువ, చాలాసార్లు కొలతకి కూడా అందదు.

హెచ్చరిక పెట్టాక ఊరుకోలేదు, పిల్లల్ని ఏళ్లపాటు గమనించారు. పిమెక్రోలిమస్ వాడిన 7,000 మందికి పైగా పిల్లల మీద 2015లో, టాక్రోలిమస్ వాడిన దాదాపు 8,000 మంది మీద 2020లో ఫలితాలు వచ్చాయి. ఆ వయసు పిల్లల్లో మామూలుగా కనిపించే దానికంటే క్యాన్సర్ ఎక్కువైందనడానికి రెండింట్లోనూ ఆధారం దొరకలేదు. 2023లో వందకి పైగా అధ్యయనాల్ని, సుమారు 34 లక్షల మంది సమాచారాన్ని ఒకచోట చేర్చి చూసిన విశ్లేషణ కూడా ముప్పు పెరిగినట్టు లేదనే తేల్చింది. ఒకటి దాచకుండా చెప్పాలి. 2021లో వచ్చిన మరో విశ్లేషణలో లింఫోమా కొద్దిగా ఎక్కువున్నట్టు లెక్క తేలింది. లింఫోమానే అరుదైన జబ్బు, అందుకని అది కొద్దిగా పెరిగిందనుకున్నా ఒక్కో మనిషికి వచ్చే అదనపు ముప్పు చాలా చిన్నదని వాళ్లే రాశారు. పైగా చర్మంలో మొదలయ్యే ఒక రకం లింఫోమా తొలిదశలో అచ్చం ఎగ్జిమాలాగే కనిపిస్తుంది, దాన్ని ఎగ్జిమా అనుకుని ఈ మందు పూస్తే తర్వాత నింద మందు మీద పడుతుంది. లెక్కల్లో ఈ చిక్కు ఉంది.

అయితే డబ్బాలో ఉన్నదంతా పక్కన పెట్టేయమని నేను అనడం లేదు. అందులో పాటించాల్సినవి ఉన్నాయి. ఎగ్జిమా ఉన్నచోటే పూయాలి, బాగున్న చర్మానికి కూడా మంచిదని మొహమంతా పూయకూడదు. తగ్గాక డాక్టర్ చెప్పిన ప్రకారం తగ్గించాలి. మళ్లీ మళ్లీ తిరగబెట్టే చోట్ల వారానికి 2 సార్లు పూసి అదుపులో ఉంచే పద్ధతి కూడా ఉంది, యూరప్‌లో లేబుల్ మీదే ఉంది, కానీ అది మీ డాక్టర్ చెప్తేనే. పాపకి రోగనిరోధక శక్తి తక్కువ చేసే జబ్బేదైనా ఉంటే, అలాంటి మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. రసి కారుతున్నా, పసుపు పెచ్చులు కట్టినా, నీటి పొక్కులు గుంపుగా లేచినా, ఇంట్లో ఎవరికైనా పెదవి మీద జ్వరపు పొక్కు వచ్చి పాపకి అంటిందని అనుమానం వచ్చినా పూయడం ఆపి వెంటనే చూపించాలి. ఎగ్జిమా చర్మం మీద ఆ జ్వరపు పొక్కు తెచ్చే వైరస్ వేగంగా పాకుతుంది, పిల్లలకి జ్వరం కూడా వస్తుంది. ఇది మాత్రం మర్నాటిదాకా ఆగే విషయం కాదు. మెడ దగ్గర బిళ్లలు కట్టి తగ్గకపోతే కూడా చూపించండి.

మొదటి కొన్ని రోజులు పూసినచోట మంట, దురద వస్తాయి. ఇది ముందే తెలియక "పడలేదు" అని చాలామంది తల్లులు మానేస్తారు. చర్మం మానుతున్నకొద్దీ మంట తగ్గిపోతుంది. స్నానం చేయించిన వెంటనే కాకుండా ఒళ్లు పూర్తిగా ఆరాక పూయండి.

ఎండ గురించి అడిగారు. బొచ్చులేని ఎలుకల మీద చేసిన ప్రయోగంలో ఈ మందు పూసి అతినీలలోహిత కాంతి పెడితే చర్మ కణితులు తొందరగా వచ్చాయి, కాగితంలో ఎండ మాట అక్కడి నుంచి వచ్చింది. మన కర్నూలు, అనంతపురం ఎండల్లో ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. పొద్దున బడికి వెళ్లే ముందు పూస్తే టోపీ పెట్టండి, ఆటోలో ఎండ పడని వైపు కూర్చోబెట్టండి. మధ్యాహ్నం ఆరుబయట ఆటలు మాన్పించండి.

ముఖానికి స్టెరాయిడ్ ఇవ్వకుండా మీ డాక్టర్ దీన్నే ఎందుకు ఎంచుకున్నారో కూడా తెలుసుకోండి. కనురెప్ప చర్మం ఒంట్లోకెల్లా పల్చనిది. అక్కడ స్టెరాయిడ్ ఎక్కువకాలం పూస్తే చర్మం ఇంకా పల్చబడుతుంది, కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావచ్చు. టాక్రోలిమస్ చర్మాన్ని పల్చబరచదు. ఆ చోటికి సరిపోయే మందు కాబట్టే ఇచ్చారు.


తాడిపత్రి_రైతుబిడ్డ

డాక్టర్లు ఎప్పుడూ ఇదే చెప్తారు. హెచ్చరిక ఊరికే రాస్తారా? నేను ఇంటర్నెట్‌లో చాలా చూశాను, స్టెరాయిడ్ మానేస్తే ఒళ్లంతా మంటలు పుట్టి ఎర్రబడి నెలల తరబడి మంచం పట్టినవాళ్లు ఉన్నారు. అందుకని మా పిల్లోడికి అన్ని ఇంగ్లీషు మందులూ ఆపేసి వేపాకు ఉడికించిన నీళ్లు, పసుపు, కొబ్బరినూనె. అక్కా, మీరు కూడా ఒకసారి ఆలోచించండి.


చర్మవిభాగం_డ్యూటీ, అనంతపురం

తమ్ముడూ, నువ్వు చూసింది అబద్ధం కాదు. గట్టి స్టెరాయిడ్ క్రీములు చాలాకాలం ఆపకుండా పూసి ఒక్కసారిగా మానితే అలాంటి ప్రతిచర్య రావడం నిజమే, బ్రిటన్ మందుల సంస్థ 2021లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరించింది. అది ముఖ్యంగా ఎవరికి వస్తుందో చూడు. చీటీ లేకుండా నెలల తరబడి, ముఖానికీ మర్మస్థానాలకీ పూసుకున్నవాళ్లు ఎక్కువ. డాక్టర్ చెప్పినన్ని రోజులు పూసి, చెప్పినట్టు తగ్గించిన పిల్లల్లో ఇది అరుదు. ఇప్పుడు పూస్తున్నది భయంతో ఒక్కసారిగా ఆపేయడం కూడా ప్రమాదమే, ఆపాలనిపిస్తే చూపించి ఆపు.

వేపాకు నీళ్లు, పసుపు మీద నాకు పగ లేదు. కానీ పగిలిన చర్మానికి అవి మండుతాయి, కొందరు పిల్లలకి అలర్జీ కూడా తెస్తాయి. మీ బాబుకి రాత్రి నిద్ర పడుతోందా, బరువు సరిగ్గా పెరుగుతున్నాడా, గీరిన చోట చీము పడుతోందా, ఇవి చూసుకో. దురదతో నిద్రలేకుండా పెరిగే పిల్లలు చదువులోనూ, మాటలోనూ చిరాకుగా తయారవుతారు. వైద్యం చేయకపోవడానికి కూడా దుష్ఫలితాలు ఉంటాయి, వాటిని ఏ పెట్టె మీదా అచ్చు వేయరు. ఒకసారి అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రి ఓపీకి తీసుకురా, చూపించుకోవడానికి డబ్బు పెట్టక్కర్లేదు.


ఆదోని_టీచరమ్మ

తెల్ల క్రీమ్ మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నాను. మా చిన్నాన్న కూతురికి పెళ్లి కుదిరినప్పుడు మొహం మీద ఎర్ర మచ్చ ఒకటి వచ్చింది. గుండ్రంగా, అంచు లేచి, మధ్యలో మామూలుగా ఉన్న మచ్చ, అంటే ఫంగస్. అక్కడి ఆర్‌ఎంపీ ఒకాయన ఇలాంటి మూడు మందుల క్రీమే ఇచ్చాడు. పూసినన్నాళ్లు దురద లేదు, ఎరుపు లేదు, రంగు కూడా తేలిందని సంబరపడి మొహమంతా పూయడం మొదలుపెట్టింది. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకింది. తర్వాత చూస్తే బుగ్గల నుంచి మెడ దాకా, ఆకారం కూడా గుర్తుపట్టలేనట్టు. క్రీమ్ మానితే మొహం కందిపోయి మంట, పూస్తే తగ్గుతుంది, మళ్లీ మానితే ఇంకా ఎక్కువ. సన్నటి ఎర్ర నరాలు తేలాయి, గడ్డం దగ్గర నూగు మొలిచింది, మొటిమలు. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపిస్తే స్టెరాయిడ్ వల్ల పాడైన మొహం అన్నారు. ఇలాంటి కేసులు ఎన్ని వస్తున్నాయంటే మన దేశపు డాక్టర్లు దానికంటూ ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారట. ఆ పిల్ల కోలుకోవడానికి చాలా కాలం పట్టింది, పెళ్లి ఫోటోలు ఇప్పటికీ తీసి చూడదు.

మా బళ్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లల బ్యాగుల్లో కూడా ఈ ట్యూబులు కనిపిస్తున్నాయి, తెల్లగా అవుతామని పూసుకుంటున్నారు. అడిగితే అమ్మే కొనిచ్చింది అంటారు. తల్లుల మీటింగులో పెట్టె మీద ఏం చూడాలో చెప్పడం మొదలుపెట్టాను: పేరు చివర్లో సోన్, సోల్, లోన్ అని ఉంటే డాక్టర్ని అడగకుండా మొహానికి తగలనివ్వొద్దు అని. అన్ని స్టెరాయిడ్లకీ ఈ గుర్తు సరిపోదని తెలుసు, కానీ వాళ్లకి గుర్తుండేది ఇదే.

తుంగభద్ర అమ్మా, మీ అత్తగారికి ఈ పోస్టు చదివి వినిపించండి. పెద్దావిడ ప్రేమతోనే చెప్పింది, తగ్గడం కళ్లారా చూసింది కదా. తర్వాత ఏమవుతుందో ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు.


తుంగభద్ర_అమ్మ, కర్నూలు

అందరికీ చేతులెత్తి నమస్కారం. ట్యూబు మార్చుకున్నాం. షాపులో మొదట కుదరదన్నారు, చీటీ, బిల్లు రెండూ పక్కపక్కన పెట్టి వయసు సంగతి చెప్తే మాట్లాడకుండా డబ్బులు ఇచ్చేశారు. 0.03 ఇంకో షాపులో దొరికింది. డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లి, ఈసారి మా ఆయన్ని కూడా తీసుకెళ్లి, కాగితం ముందు పెట్టి అడిగాం. ఆయన కోప్పడలేదు. ఇక్కడ రాసినట్టే 2006 సంగతి చెప్పారు, పూయాల్సిన చోట్లు పాప మొహం మీద వేలితో చూపించారు, తగ్గుముఖం పట్టాక పాపని చూసి ఎట్లా తగ్గించాలో చెప్తానన్నారు. మా ఆయనకి ఇప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. పూర్తిగా కాదు, రోజూ మెడ తడిమి చూస్తున్నాడు, చూడనీ.

మొదటి రోజు పాప మండుతోందని ఏడ్చింది. మీరు చెప్పి ఉండకపోతే ఆ రోజే ఆపేసేదాన్ని.

ఇంకా రెండు సందేహాలు. ఎంత పూయాలి, పలచగా అంటే ఎంత? ట్యూబు ఎక్కడ పెట్టాలి, మా ఇంట్లో మధ్యాహ్నం అల్మారా తలుపు ముట్టుకుంటేనే చెయ్యి కాలుతుంది. ఒంటికి తేమ కోసం పెట్రోలియం జెల్లీ బాగా దట్టించమన్నారు, రాత్రి అది పూసి పడుకోబెడుతున్నాను.


మందులచీటీ, కడప

చాలా సంతోషం అమ్మా, నాన్నగారిని కూడా తీసుకెళ్లి మంచి పని చేశారు.

కొలత గురించి. మీ పాప చేతులకి, కాళ్లకి రాసిన మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీములకి వేలికొస కొలత అని ఒకటి వాడతారు. పెద్దవాళ్ల చూపుడువేలు చివరి గీత నుంచి కొస దాకా ట్యూబులోంచి ఒక గీతలాగా పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకి, వేళ్లతో కలిపి, సరిపోతుంది. పిండేది మీ వేలి మీద, పాప వేలి మీద కాదు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి ఒక చెయ్యి మొత్తం పూయాలంటే అలాంటివి రెండు, ఒక కాలు మొత్తానికి మూడు. మీ పాపకి మడతల్లోనే కాబట్టి చాలా తక్కువ పడుతుంది. భయపడి మరీ గోరంత పూస్తే దురద తగ్గదు, తగ్గలేదని వారాల తరబడి పూస్తారు, మొత్తం మీద ఎక్కువ మందే పోతుంది. టాక్రోలిమస్ అయితే ఎగ్జిమా ఉన్న మేర మెరుపు కనిపించేంత పొర చాలు, మీద గుడ్డ కట్టొద్దు, ప్లాస్టర్ వేయొద్దు. కంట్లోకి పోనివ్వొద్దు. పూశాక మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.

ట్యూబు పెట్టె మీద ఎన్ని డిగ్రీల లోపు ఉంచాలో రాసి ఉంటుంది, అది చూడండి. మన మే నెలలో ఇంట్లో మామూలు గది ఆ అంకె దాటేస్తుంది. అందుకని మా షాపుకి వచ్చేవాళ్లకి ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోమంటాను, గడ్డకట్టే డబ్బాలో మాత్రం పెట్టొద్దు. చల్లగా పూస్తే మంట కూడా కొంచెం తక్కువ అనిపిస్తుందని పిల్లల తల్లులు చెప్తుంటారు. స్కూటర్ డిక్కీలో, ఆటోలో వదిలేయకండి.

పెట్రోలియం జెల్లీ మాట అడగకపోయినా చెప్తున్నాను. దాన్ని పూయడం మంచిదే, మానొద్దు. కానీ రోజూ పూస్తుంటే అది గౌనుకీ, దుప్పటికీ పట్టేస్తుంది, ఉతికినా పూర్తిగా పోదు. అలా పట్టిన బట్టకి నిప్పు తగిలితే మామూలు బట్ట కంటే చాలా వేగంగా అంటుకుంటుంది. బ్రిటన్‌లో ప్రాణాలు పోయిన సందర్భాలు ఉండబట్టి 2018లో అక్కడి మందుల సంస్థ ఇలాంటి లేపనాలన్నిటికీ నిప్పు హెచ్చరిక చెప్పింది. మన ఇళ్లలో పొద్దునే లేచిన పిల్లలు అదే బట్టల్తో పొయ్యి దగ్గరికి, దేవుడి దీపం దగ్గరికి వస్తారు. లేవగానే బట్టలు మార్చేయండి, ఆ దుప్పట్లు తరచూ వేణ్ణీళ్లతో ఉతకండి, దీపావళికి ఆ బట్టలతో టపాకాయల దగ్గరికి పంపొద్దు.

ఏ మందు వల్లనైనా పాపకి తేడా చేసిందని అనుమానం వస్తే డాక్టర్‌కి చెప్పడంతో పాటు 1800-180-3024కి ఫోన్ చేసి నమోదు చేయించొచ్చు. మందుల దుష్ఫలితాల మీద కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు అది. రోగులు కూడా చేయొచ్చు, డాక్టర్లే చేయాలని లేదు. చేసేటప్పుడు ట్యూబు, పెట్టె చేతిలో పెట్టుకోండి, బ్యాచ్ నంబరు ఉంటే మంచిది.


ఆదోని_టీచరమ్మ

ఈ నంబరు నాకు తెలియదన్నా. మా చెల్లెలి సంగతి ఇప్పుడైనా నమోదు చేయించొచ్చా? ట్యూబు పారేశాం, చీటీ మాత్రం ఉంది.


మందులచీటీ, కడప

చేయించొచ్చు టీచరమ్మా. మందు పేరు, ఎన్నాళ్లు వాడింది, ఏమైంది, పెద్దాసుపత్రిలో ఏమన్నారు, ఇవి చెప్పగలిగితే చాలు. ఆ ఓపీ చీటీ కూడా దగ్గర పెట్టుకుని చేయండి.